అయిదో గేరు

చొక్కా తొడిగేటప్పుడు ముందు ఎడమ చెయ్యి. ఇది భార్య కనిపెట్టిన ఉపాయం. ఆయన మంచం అంచున కూర్చుంటే, ఆమె చొక్కా చేతిని మేజోడులా ముడతలుగా పట్టుకుని, వేళ్ళ దగ్గర్నుంచి మెల్లగా పైకి లాగి, భుజం మీద సర్దుతుంది. కుడిచేతికి ఇంత మర్యాద అక్కర్లేదు. దాని దారి అది వెతుక్కుంటుంది.

ఆ ఉదయం కూడా అలాగే తొడిగింది. బొత్తాలు పెడుతూ, ముఖంలోకి చూడకుండా అంది.

"ఆ అబ్బాయితో ఒక్క మాట చెప్పెయ్యకూడదూ?"

"చెబితే?"

"చెబితే ఏమవుతుంది? మనిషే కదా అతనూ."

"లారీ తాళంచెవి ఇమ్మంటాడు. ఇచ్చేసి ఇంటికొచ్చి ఏం చెయ్యను? నీ పక్కన కూర్చుని కూరగాయలు తరగనా?"

"ఆ చేత్తో అదీ రాదు లెండి," అంటూ ఆమె ఆఖరి బొత్తాం పెట్టింది.

ఇద్దరూ నవ్వారు.

ఆయన్ని అందరూ నిదానం అంటారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు లైసెన్సు మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. దాని వెనక పెద్ద కథేమీ లేదు. మలుపు వస్తే హారన్ కొట్టి, ఆగి, చూసి, అప్పుడు తిప్పుతాడు. వెనకవాడు తిట్టుకుంటే తిట్టుకోనిస్తాడు. ఆ లారీ మీద ఎంతకాలంగా ఉన్నాడంటే, ఇప్పటి యజమాని అప్పట్లో క్లీనరు సీట్లో కూర్చుని, కాళ్ళు ఊపుకుంటూ, ఇంకోసారి హారన్ కొట్టమని గోల పెట్టేవాడు. ఆ అలవాటు కొద్దీ ఈనాటికీ ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తాడు. భార్య మాత్రం లారీని 'మీ పెద్దావిడ' అంటుంది. పెళ్ళికి ముందే తగులుకుంది కాబట్టి పెద్దరికం దానిదేనట.

భుజం చలికాలం మొదట్లో పట్టేసింది. వేడినీళ్ళ కాపడాలూ, మందులూ అయ్యాక డాక్టరు దగ్గరికి వెళ్ళారు. లోపల నరం చివికిపోయిందనీ, ఇక బరువు పనులు వద్దనీ డాక్టరు అన్నాడు. నాదేం బరువు పని, కూర్చుని చేసేదేగా అనుకున్నాడు నిదానం. నిజానికి నడుము ఎత్తు దాకా చెయ్యి బాగానే ఆడుతుంది. స్టీరింగు కుడిచేత్తో లాగెయ్యవచ్చు. మొదటి నాలుగు గేర్లూ ఒంటికి దగ్గరగానే పడతాయి. అయిదోదే శత్రువు. ఆ పాత బండిలో రాడ్డును అవతలి పక్కకి తోసి, చెయ్యి బారుగా చాపి, ముందుకి నెట్టాలి. ఆ చాపడం దగ్గర భుజంలో మేకు దిగ్గొట్టినట్టుంటుంది. ఒకసారి కళ్ళు చీకట్లు కమ్మి బండి రోడ్డు అంచు దాకా పోయింది. అప్పట్నుంచి నాలుగులోనే ఆగిపోతున్నాడు.

నాలుగో గేరులో పరుగెత్తించే కొద్దీ ఇంజను ఏడుస్తుంది. డీజిలు ఎక్కువ తాగుతుంది. ఈ సంగతి ఆయనకి తెలియనిది కాదు. కానీ పాత బండి కదా, డీజిలు చిమ్మే నాజిళ్ళు పోయాయేమో, పంపు కొట్టేసిందేమో అని తనకి తానే చెప్పుకుంటూ వచ్చాడు. చెప్పుకోగా చెప్పుకోగా అదే నిజమేమోనన్న ఆశ కూడా పుట్టింది.

ముందురోజు యజమాని బంకు బిల్లులు తిరగేస్తూ, "బాబాయ్, డీజిలంతా బండే తాగుతోందా, దారిలో ఇంకెవరన్నా తాగుతున్నారా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నిదానం కూడా నవ్వాడు. ఆ తరవాత, "రేపు మేస్త్రికి చూపించు. ఆ శబ్దమేంటో, ఆ తాగుడేంటో తేల్చమను," అన్నాడు యజమాని.

ట్యాంకులో గొట్టం పెట్టి, నోటితో లాగి, డబ్బాల్లోకి దింపి అమ్ముకునేవాళ్ళని నిదానం ఎంతోమందిని చూశాడు. తను ఒక్క సీసాడు తీసిన పాపాన పోలేదు. ఆ రాత్రి భోజనం ముట్టుకోలేదు. ఎందుకని భార్య అడిగితే కడుపులో బాగాలేదన్నాడు. తరవాత ఉండబట్టలేక చెప్పేశాడు. ఆమె చాలాసేపు గిన్నెలు కడుగుతూనే ఉంది.

కాబట్టి ఆ ఉదయం షెడ్డుకి వెళ్ళే దారంతా ఆయన కోరుకున్నది ఒక్కటే. బండిలో ఏదో ఒక తప్పు దొరకాలి.

షెడ్డు మేస్త్రి ఆయనకి చుట్టం కాదు. అయినా ఒకరినొకరు బావా అని పిలుచుకోవడం ఏ కాలంలోనో మొదలైంది, ఇప్పుడు మానితే బాగుండదు.

"ఏం బావా, ముసలిదాన్ని పట్టుకొచ్చావ్? జలుబా, జ్వరమా?"

"అరుస్తోంది బావా. డీజిలు కూడా తెగ తాగుతోంది."

"ఈ వయసులో తాగుడు మొదలెట్టిందా? సావాసదోషం."

మేస్త్రి బానెట్ ఎత్తాడు. ఇంజను ఆన్ చేయించి, పొడుగాటి స్క్రూడ్రైవరు కొనని ఇంజను మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు. ఒక్కో చోటికీ జరుపుకుంటూ వెళ్ళాడు. ఒక చోట ఆగాడు. నిదానం ప్రాణం లేచొచ్చింది.

"టాపెట్లు కొంచెం వదులయ్యాయి," అన్నాడు మేస్త్రి.

"దానివల్లేనంటావా?"

"దీనికి టిక్కుటిక్కుమంటుంది గానీ ఏడవదు." పానా తీసుకుని, అక్కడికక్కడే బిగించేశాడు.

ఎయిర్ ఫిల్టరు బయటికి తీసి వెలుతురుకి పెట్టి చూశాడు. శుభ్రంగా ఉంది. డీజిలు పైపుల వెంట వేలు పెట్టి రాశాడు. ఎక్కడా తడి లేదు. నాజిళ్ళు విప్పి డీజిలు కొట్టించి చూస్తే పొగమంచులా సన్నగా చిమ్మాయి. ఆఖరికి జాకీ వేసి చక్రాలు లేపాడు. బ్రేకు పట్టేసి ఉంటుందని నిదానమే అందించాడు ఆ మాట. మేస్త్రి చక్రాన్ని చేత్తో ఒక్క తోపు తోశాడు. అది హాయిగా తిరుగుతూనే ఉంది, ఎంతకీ ఆగదే. నిదానం దాన్ని చూస్తూ నిలబడ్డాడు. ఇన్నాళ్ళూ తన చేత్తో తుడిచి, నూనె పోసి, వేళకి అన్నీ మార్పించి పెంచుకొచ్చిన బండి. ఒక్క వంక పెట్టడానికి కూడా సందు ఇవ్వడం లేదు.

"నీకంటే ఆరోగ్యంగా ఉంది బావా," అన్నాడు మేస్త్రి చేతులు తుడుచుకుంటూ. "పద, రోడ్డు మీద ఒకసారి చూద్దాం."

"ఇప్పుడెందుకులే, ఎండ..."

"నిలబడి ఉంటే నిమ్మకి నీరెత్తినట్టుంది. ఏడిచేది నడిచేటప్పుడేగా? పద."

మేస్త్రి క్లీనరు సీట్లోకి ఎక్కాడు. నిదానం కుడిచేత్తో తలుపు పట్టుకుని, ఒళ్ళు ఒంచి, తనదైన పద్ధతిలో ఎక్కాడు. బండి సందు దాటి, గోదాముల వరస దాటి, ఊరి బయటి తిన్నని రోడ్డెక్కింది. రెండు. మూడు. నాలుగు. ఇంజను గొంతు పెరుగుతూ పోయింది. అద్దాలు వణకడం మొదలుపెట్టాయి. నిదానం ఎదురుగా రోడ్డునే చూస్తున్నాడు. ఎడమచెయ్యి గేరు రాడ్డు మీదే ఉంది. దాని తలకి ఆకుపచ్చ ఊలు తొడుగు ఉంది. చలికి ఇనుము చేతిని కొరుకుతోందని ఒకప్పుడు ఆయన అంటే, పాత స్వెట్టరు విప్పి భార్య అల్లిచ్చినది.

"చూశావా అరుపు?" అన్నాడు.

మేస్త్రి ఇంజనుకేసి చూడటం లేదు. రాడ్డు మీది చేతిని చూస్తున్నాడు. తరవాత చొక్కా కింద ఒక పక్కకి ఒరిగిన భుజాన్ని చూశాడు.

"క్లచ్చు తొక్కు బావా," అన్నాడు మెల్లగా.

నిదానం అతనికేసి చూశాడు.

"తొక్కు."

తొక్కాడు. మేస్త్రి తన కుడిచేతిని ఆ ఆకుపచ్చ తొడుగు మీద, నిదానం చేతి మీదుగానే వేసి, రాడ్డును అవతలికి తోసి, ముందుకి నెట్టాడు. ఆ చేతికింద నుంచి నిదానం తన చెయ్యి తీసేసుకున్నాడు. కాలు వదిలాడు. అంతే, ఏడుపు ఆగిపోయింది. గుక్కపట్టిన పిల్లని ఎవరో ఎత్తుకున్నట్టు, ఇంజను ఒక్క నిట్టూర్పు విడిచి, మెత్తగా సాగిపోయింది. అద్దాలు కూడా ఊరుకున్నాయి.

అలా చాలా దూరం వెళ్ళారు, ఒకరి కాలు, ఒకరి చెయ్యి.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు మేస్త్రి చివరికి.

"చలి మొదలైనప్పట్నుంచి."

"నాకు చెప్పడానికేం?"

"నువ్వు ఇంజన్ల మేస్త్రివి కదా బావా."

షెడ్డుకి తిరిగొచ్చేసరికి మేస్త్రి ఫోను మోగుతోంది. యజమాని. తన చేతుల నూనె జిడ్డు ఇంకా పోలేదని నిదానం చేతే ఎత్తించి, బల్ల మీద పెట్టించి, గట్టిగా వినపడేలా చేయించాడు మేస్త్రి.

"ఏం తేలింది?" అన్నాడు యజమాని.

మేస్త్రి నిదానానికేసి ఒక్క క్షణం చూశాడు. "పాతబడిపోయింది బాబూ. పంపు అరిగింది. లోపల ఇంకా చాలా పని ఉంది. శబ్దం దానిదే, తాగుడూ దానిదే. బాబాయిగారి తప్పేం లేదు."

నిదానం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మేస్త్రి చెయ్యి పట్టుకోవాలనిపించింది. అప్పుడే అవతలి నుంచి, "అయితే ఇంకెందుకు? తూకానికి ఇచ్చేద్దాం. పాత ఇనుము వాళ్ళు ఎప్పట్నుంచో అడుగుతున్నారు. రేపే రమ్మంటాను," అన్న మాట వినపడింది.

మేస్త్రి సాయం చెయ్యబోయి కొంప ముంచానన్నట్టు నిలబడిపోయాడు.

షెడ్డు వాకిట్లో బండి ఇంకా వేడిగా ఉంది. చల్లారుతున్న సైలెన్సరు టిక్కు, టిక్కు అంటోంది. ఊరుకుంటే చాలు. దొంగ అన్న మాట పోతుంది. కొత్త బండి అంటూ వస్తే, దాని గేర్లు వేలితో తోస్తే పడతాయట. ఇదంతా నిదానానికి ఒక్కసారిగా తట్టింది. దాని వెంటే, గ్యాసు మంటతో కేబిను కోసే మనుషులు కూడా కనిపించారు. ఫోను మీదికి ఒంగాడు.

"బాబూ, నేను. బండిలో తప్పు లేదు."

"బాబాయ్? మేస్త్రి ఇప్పుడే..."

"నా మీద జాలికొద్దీ అన్నాడు. బండి బంగారంలా ఉంది. నా చెయ్యే ముందుకి సాగడంలేదు. అయిదో గేరు వెయ్యలేకపోతున్నాను. అందుకే అరిచింది, అందుకే తాగింది. దాన్ని తూకానికి ఇవ్వకు."

"ముందే చెప్పాల్సింది బాబాయ్."

"చెప్పాల్సింది."

"సరే... నిన్న నేనన్న మాట..." అని, యజమాని ఆగాడు. "మేస్త్రికి తాళం ఇచ్చెయ్యి. బండి యార్డుకి తెచ్చేస్తాడు. రేపట్నుంచి వేరే మనిషిని చూస్తాను. నువ్వు చెయ్యి చూసుకో."

అంత తొందరగా అయిపోయింది. దీనికి భయపడి ఒక చలికాలమంతా నిద్రపోలేదు కదా అనుకున్నాడు నిదానం.

సామాను ఎక్కువేం లేదు. తువ్వాలు, నీళ్ళ సీసా, గడ్డం గీసుకునే అద్దం, దిండు. సంచిలో అన్నీ పట్టాయి. గేరు రాడ్డు మీద చెయ్యి వేసి ఒక నిమిషం కూర్చున్నాడు. తరవాత దిగాడు. మేస్త్రి చెయ్యి అందించబోతే వద్దన్నాడు, మళ్ళీ ఏమనుకున్నాడో, అందుకున్నాడు.

"నావల్లే బావా," అన్నాడు మేస్త్రి.

"నీవల్లేం కాదు. మొదటి గేరులో గుంజకు. దానికి ఇష్టం ఉండదు."

బస్సు ఆగే చోటు మలుపులోనే ఉంది. అక్కడ నిలబడి ఉండగా లారీ ఆయన ముందు నుంచే వెళ్ళింది. మేస్త్రి హారన్ కొట్టలేదు. మలుపు తిరిగాక బండి కనపడలేదు గానీ వినపడుతోంది. రెండు. మూడు. నాలుగు. ఇంజను గొంతు పెరిగింది. నిదానం ఊపిరి బిగబట్టాడు. ఎడమ అరికాలు నేల మీద క్లచ్చు తొక్కినట్టు నొక్కుకుంది. అవతల శబ్దం ఒక్క క్షణం తెగి, మెత్తబడి, దూరమై, తేనెటీగ అంతై, పోయింది.

ఇంటి తలుపు తీసిన భార్య వెలుతురు ఇంకా ఉండగానే ఆయన్ని చూసి, "తొందరగా వచ్చారే. మీ పెద్దావిడేదీ?" అంది.

"పుట్టింటికి పంపించేశాను."

ఆమె సంచి అందుకుంది. ఆయన మంచం అంచున కూర్చుంటే బొత్తాలు విప్పి, ముందు కుడిచెయ్యి, ఆ తరవాత ఎడమచెయ్యి, చొక్కా తీసి దండెం మీద వేసింది. సంచిలోని వస్తువులు ఒక్కొక్కటీ తీసి బల్ల మీద పెడుతూ, అడుగు దాకా వెతికింది.

"నా ఊలు తొడుగేది?"

"ఉంచేశాను. రేపొచ్చేవాడికి చెయ్యి చల్లబడుతుంది."

ఆమె ఖాళీ సంచిని మడిచింది. విప్పి, మళ్ళీ మడిచింది.

యార్డులో, చీకటి పడుతున్న కేబినులో, అది రాడ్డు తల మీద అలాగే ఉంది. ఎన్నేళ్ళో ఒకే అరచెయ్యి ఆనిన పక్క ఊలు నునుపుదేలి, పలచబడి, ఆకుపచ్చ పోయి బూడిదరంగుకి వచ్చింది. అయిదో గేరుకే వేళ్ళు తగిలే వైపున మాత్రం, ఈ చలికాలం పట్టిన దుమ్మును మేస్త్రి వేళ్ళు తుడిచిన చోట, ఆమె అల్లిన ముడులు ఇంకా ఒక్కొక్కటీ తెలుస్తున్నాయి.