ముడి రవికలో పాడిన పాట

షారోన్‌కు సర్పి వచ్చింది. ఎడమ రొమ్ము కింద మొదలై వీపు దాకా, సరిగ్గా బ్రా పట్టీ బిగుసుకునే చోట, నిప్పురవ్వలు చల్లినట్టు ఎర్రటి పొక్కులు. కాచిగూడలో కళ్లజోళ్ల దుకాణంలో బిల్లింగ్ కౌంటర్ దగ్గర కూర్చునే పిల్ల, సెలవు పెట్టి ఫలక్‌నుమాలో ఇంటిపట్టున ఉండిపోయింది. కొన్నాళ్లకు పొక్కులు ఎండి రాలిపోయాయి గానీ మంట పోలేదు. బట్ట ఒరుసుకున్నా కరెంటు కొట్టినట్టయ్యేది.

"మంట తగ్గేదాకా బిగుతుగా ఏదీ వేసుకోవద్దు. బ్రా అసలే వద్దు," అంది డాక్టరమ్మ.

"మరి బయటికి ఎట్ల పోవాలె మేడమ్?"

"ఎప్పట్లాగే, చెప్పులేసుకొని."

షారోన్‌కు నవ్వు రాలేదు. ఆరో తరగతిలో తల్లి సరోజన మొదటిసారి తొడిగించిన రోజు నుంచి అది లేకుండా ఆమె గడప దాటి ఎరగదు. నిద్రపోయేటప్పుడు కూడా తియ్యదు. తల్లి తియ్యదు, అందుకని కూతురూ తియ్యదు.

"వేసుకోకుంటే జారిపోతయంటరు కద మేడమ్?" అని గొంతు తగ్గించి అడిగింది.

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. "వయసుతో, కాన్పులతో, బరువుతో ఒళ్లు మారుతుంది. బ్రా దాన్ని ఆపుతుందని ఎవరూ గట్టిగా తేల్చలేదు. పరుగెత్తినప్పుడు నొప్పి పుడితే వేసుకో. బరువుకు వీపు లాగితే వేసుకో. వేసుకుంటేనే హాయిగా ఉందనుకో, వేసుకో. ఇవేవీ లేవా, మానెయ్. అదేం మందు కాదు కదమ్మా, తప్పకుండా వాడాలనడానికి."

ఈ మాట ఇంట్లో చెప్తే సరోజన మండిపడింది.

"గామెకేంది, కార్ల వస్తది, కార్ల పోతది. నువ్వు లోకల్ ట్రైన్ల నిలబడాలె. మంది కండ్లు యాడుంటయో నీకు ఎరుక లేదా? తగ్గేదాక ఇంట్లనే ఉండు. క్వయర్‌కు గూడ ఈసారి పోకు."

చివరి మాట షారోన్‌ను పొడిచినట్టయింది. ఈస్టర్ దగ్గర పడుతోంది. ఆ రోజు తెల్లవారుజామున సమాధుల తోటలో జరిగే ఆరాధనలో పాడటం కోసం ఆమె ఏడాదంతా ఎదురుచూస్తుంది. చర్చి క్వయర్‌కు పాటలు నేర్పే బాలరాజ్ మాస్టారు స్వయంగా కట్టిన పాట ఒకటుంది. ఆఖరి చరణంలో గొంతు మెట్టు మీద మెట్టుగా పైకెక్కి, అక్కడ నిలబడాలి. ఏటేటా షారోన్‌కు సగంలోనే ఊపిరి అయిపోతుంది. నోరు కదిలిస్తూ ఊరుకుంటుంది, పక్కవాళ్లు లాక్కుపోతారు. తన గొంతు ఇంతేనని ఎన్నడో నమ్మేసింది.

మంచం మీద పడుకున్న బాపమ్మ సుందరమ్మ లేచి కూర్చుంది.

"నాకు ఎన్నడున్నదే గది, సరోజనా? కంచన్‌బాగ్ల ఫ్యాక్టరీ షెడ్లు లేపినప్పుడు నెత్తి మీద ఇసుక గంప, ఒంటి మీద ముడి రవిక. గంతే. నీ మొగనికి గీ రొమ్ములే ఇచ్చిన. ఏం తక్కువైంది వానికి?"

"గప్పటి కాలం వేరత్తమ్మా."

"కాలం వేరే. రొమ్ములు గవేనాయె."

షారోన్‌కు అప్పుడు నవ్వొచ్చింది. నవ్వితే మంట పుట్టి పక్క పట్టుకుంది. సరోజన నవ్వలేదు గానీ, మళ్లీ వద్దనీ అనలేదు.

సుందరమ్మ పెట్టె తెరిచి పాత తెల్ల రవిక తీసింది. ఎన్నో ఉతుకులకు మెత్తబడిన నూలుగుడ్డ. ముందువైపు గుండీలు లేవు, రెండు కొసలు దగ్గరికి లాగి ముడివెయ్యాలి. మనవరాలికి తొడిగి, ముడి కింద తన చెయ్యి దూరేంత వదులుంచి కట్టింది. గంపలు మోసి మొరటుబారిన ఆ వేళ్లు మంట ఉన్నచోట ఒక్కసారి కూడా తగల్లేదు.

సరోజన గుమ్మంలో నిలబడి చూస్తోంది. కూతురి భుజాల మీద రెండు లోతైన గాడులు. పట్టీలు తీసి ఇన్ని రోజులైనా పూడలేదు. పుట్టుకతో వచ్చిన మచ్చల్లా ఉన్నాయి. ఆమె చెయ్యి తెలియకుండానే తన భుజం మీదికి పోయింది.

ఈస్టర్ నాడు ఇంకా చీకటి ఉండగానే ముగ్గురూ బయల్దేరారు. షారోన్ తెల్లచీర కొంగు భుజాల చుట్టూ తిప్పి కప్పుకుంది. సమాధుల మీద కొవ్వొత్తులు వెలుగుతున్నాయి, బంతిపూల వాసన. నైట్ షిఫ్ట్ నుంచి నేరుగా వచ్చిన తండ్రి డానియేలు గోడ పక్కన నిలబడ్డాడు. అవతలి గల్లీ మసీదులో తెల్లవారి నమాజుకు పిలిచే అజాన్ అప్పుడే ముగిసింది.

సరోజన పాట వినడానికి రాలేదు. కాపలాకొచ్చింది. ఎవరి కళ్లు తన బిడ్డ మీద ఎక్కడ పడతాయో చూసుకుంటూ ముందు వరుసలో కూర్చుంది.

పాట మొదలైంది. ఆఖరి చరణానికి ముందు షారోన్ ఊపిరి పీల్చింది. ఎప్పుడూ ఒకచోట గోడ తగిలినట్టు ఆగేది, ఈసారి ఆగలేదు. పక్కటెముకలు విచ్చుకున్నాయి, వీపు విచ్చుకుంది, గాలి ఇంకా లోపలికి పోతూనే ఉంది. తనలో ఇంత చోటుందా అని ఆమెకు భయమేసినంత పనైంది. గొంతు మొదటి మెట్టెక్కింది. రెండోది. పక్కవాళ్లు వింటూ గొంతులు తగ్గించి ఆపేశారు, తనది ఆగలేదు. అది తన గొంతేనని పోల్చుకోవడానికి కాసేపు పట్టింది. ఆ స్వరం సమాధుల మీదుగా, గోడ మీదుగా, తెల్లబడుతున్న ఆకాశం వైపు పోతుంటే, దాని వెనకే తనూ నడుస్తున్నట్టనిపించింది.

సరోజన చుట్టూ చూసింది. అందరూ ఆమె కూతురినే చూస్తున్నారు. ముసలివాళ్లు చేతులు జోడించారు, పసిపిల్లలు నోళ్లు తెరిచారు. ఒక్క కన్నూ ఆమె భయపడ్డ చోట లేదు. గోడ దగ్గర డానియేలు కళ్లు తుడుచుకుంటున్నాడు. గోడ అవతల పాలబండి ఆపుకొని ఒకతను ఇటే తిరిగి నిలబడ్డాడు.

పాట అయ్యాక తోటంతా ఆమెన్ అంది.

బాలరాజ్ మాస్టారు దగ్గరికొచ్చి, "ఇన్నొద్దులు యాడ దాచినవమ్మా గీ గొంతు?" అన్నాడు. పక్కనే ఉన్న సుందరమ్మ, "లోపట్నే ఉండె మాస్టారూ, బయటికి తొవ్వ దొరకలే," అంది.

ఎండాకాలం ముదిరేసరికి మంట పూర్తిగా తగ్గింది. షారోన్ దుకాణానికి పోవడం మొదలుపెట్టింది. ఫలక్‌నుమా స్టేషన్‌లో కదిలే బండి వెంట పరుగెత్తినప్పుడు రొమ్ములు అదిరి నొప్పి పుట్టేది. డాక్టరమ్మ మాట నిజమే అనుకొని, ఈసారి కొలత తీయించుకుని తనకు సరిపోయేది కొనుక్కుంది. పది చదివేటప్పుడు తల్లి కొన్న సైజునే ఇన్నేళ్లూ అడిగి తెచ్చుకుంటున్నానని అప్పుడు తెలిసింది. ట్రైనుకు వేసుకుంటుంది. ఇంటికొచ్చాక తీసేస్తుంది. పాటకు పోయేటప్పుడు వేసుకోదు. సరోజన వద్దనడం మానేసింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం కరెంటు పోయింది. ఇల్లంతా కుమ్మరి ఆవంలా ఉడికిపోతోంది. సరోజన లోపలి గదిలోకి పోయి చాలాసేపటికి బయటికొచ్చింది. అత్తగారి వదులు రవిక తొడుక్కుంది. ఎవరి మొహమూ చూడకుండా వచ్చి గుమ్మం దగ్గర నాపరాళ్ల మీద కూర్చుంది. గల్లీలోంచి చిన్న గాలి తెర వచ్చింది. ఆమె భుజాలు మెల్లగా కిందికి దిగాయి, వీపు గోడకు ఆనింది. కళ్లు పెద్దవయ్యాయి.

"షారోన్," అంది చిన్నగా, "లోపలిదాక తగులుతున్నదే గాలి."

షారోన్ వచ్చి తల్లి పక్కన కూర్చుంది. ఊపిరి తీస్తే అమ్మ గుండె అంత పైకి లేచి అంత కిందికి దిగడం ఆమె ఎన్నడూ చూడలేదు.