వెర్నన్ చేతివాటం

పెద్ద బేస్‌బాల్ లీగ్‌లో ఆడే పైజట్టు క్యాచర్‌కి వేలు విరిగిందన్న కబురు బుధవారం పొద్దున కార్వర్ సిటీకి చేరేసరికి, ఇక్కడి క్యాచర్ వెర్నన్ హాస్కిన్స్ మోకాళ్లకి పట్టీలు చుట్టుకుంటున్నాడు. వయసు ముప్పై నాలుగు. పన్నెండేళ్లుగా అదే యాజమాన్యం కింద, చిన్న ఊళ్ల జట్లలో, బస్సుల్లో కునుకు తీస్తూ ఆడుతున్నాడు. పైజట్టులో ఒక్క రోజు, ఒక్కటంటే ఒక్క రోజు కూడా ఆడలేదు. రికార్డు పుస్తకంలో అతని పేరుకి చోటు దొరకాలంటే ఆ ఒక్క రోజే కావాలి.

"తాతా, విన్నావా?" అంటూ పరిగెత్తుకొచ్చాడు ఎలిసెయో. డొమినికన్ కుర్రాడు, ఆఖరి ఇన్నింగ్స్‌లో బంతి వేసే పిచ్చర్. "రేపు పొద్దున నీకు విమానం. పైకి పోయాక మేం ఫోన్ చేస్తే ఎత్తుతావా, లేకపోతే 'ఎవరు మీరు' అంటావా?"

"నోరు ముయ్యరా. ముందే వాగి చెడగొట్టకు."

అన్నాడే గానీ పట్టీ ముడి రెండుసార్లు విప్పి మళ్లీ వేశాడు. కాసేపటికి మేనేజర్ కెల్లర్ వచ్చి పక్కన నిలబడి, పొద్దుతిరుగుడు గింజల పొట్టు కప్పులోకి ఉమ్మాడు. "కింది జట్లు చూసుకునే ఆవిడ, పైకి ఎవర్ని పంపాలో చెప్పేది ఆవిడే, ఇవాళ ప్లేట్ వెనకాల కూర్చుంటుంది. ఒళ్లు దగ్గర పెట్టుకుని పట్టు. ఇంతకన్నా నేనేం చెప్పలేను," అన్నాడు. వెర్నన్‌కి అదే చాలు.

క్యాచర్ అంటే బంతి పట్టేవాడనుకుంటారు తెలియనివాళ్లు. పట్టడం ఎవడైనా పడతాడు. బ్యాటర్ పక్కన నేల మీద పరిచిన తెల్ల పలక, అదే ప్లేట్, దాని మీదుగా, బ్యాటర్ మోకాళ్లకీ నడుముకీ మధ్య వచ్చిన బంతి స్ట్రైక్. పక్కకి పోతే బాల్. మూడు స్ట్రైకులు పడితే బ్యాటర్ అవుట్, నాలుగు బాల్స్ పడితే వాడికి ఊరికే ఒక బేస్, అంటే పరుగు తీసే దారిలో ఒక మజిలీ. మరి అంచుకి వెంట్రుకవాసి బయట పడిన బంతి సంగతేంటి? అక్కడే ఉంది వెర్నన్ పనితనం. బంతి గ్లవ్‌లో పడే క్షణంలోనే మణికట్టుని అర అంగుళం, అంగుళం లోపలికి తెచ్చేస్తాడు. కదిలినట్టు కనపడదు. వెనక నిలబడ్డ అంపైర్ కంటికి అది మొదటినుంచీ లోపలే ఉన్నట్టుంటుంది. చెయ్యి పైకి లేస్తుంది: స్ట్రైక్! మోసం అంటారా, అనండి. తాతల నాటినుంచీ అందరి కళ్లెదుటే జరిగిన పని ఇది. అంపైర్లకీ తెలుసు. ఈ చేతివాటం ఉంది కాబట్టే బ్యాటు పట్టడం అంతంతమాత్రమైన వెర్నన్ పన్నెండేళ్లు నిలబడ్డాడు.

ఇప్పుడు దాని పీక నొక్కేశారు. అంపైర్ చెప్పింది నచ్చకపోతే నెత్తి తట్టుకుంటే చాలు. కెమెరాలు కొలిచి, పెద్ద తెర మీద బంతి ఎక్కడ పడిందో బొమ్మ వేసి చూపిస్తాయి. బ్యాటరైనా తట్టొచ్చు, పిచ్చరైనా, క్యాచరైనా. జట్టుకి రెండు తప్పులదాకా ఓపిక. తట్టినవాడిది తప్పని తేలితే ఒకటి పోతుంది, ఒప్పని తేలితే పోదు. దీనికి తోడు ఇన్ని సెకన్లలోపే బంతి వెయ్యాలని బంతి బంతికీ నెత్తిన గడియారం. బెదిరిన పిచ్చర్ దగ్గరికి నడిచి వెళ్లి భుజం మీద చెయ్యేసి రెండు మాటలు చెప్పడం కూడా ఇప్పుడు లెక్కే. ఇన్నిసార్లే వెళ్లాలట!

ఇవన్నీ వచ్చినప్పుడు చప్పట్లు కొట్టినవాళ్లలో మొదటివాడు ప్రెస్టన్ వేల్. మూడేళ్ల కింద పైజట్టునీ, దానితోపాటు ఈ కింది జట్లనీ కొనేసిన ఆసామి. గిడ్డంగుల్లో సంపాదించాడు. ఆట తెలియదు, కొనడం తెలుసు. ఎక్కడ పేరున్న ఆటగాడు కనపడినా డబ్బు కుమ్మరించి తెచ్చేస్తాడు. ఇక్కడ పదేళ్లు మట్టిలో పొర్లి ఎదిగినవాడు పైజట్టులో చోటికి చేరబోయే వేళకి అందులో ఇంకెవడో కూర్చుని ఉంటాడు. "ఆట నెమ్మదిగా ఉంది, జనానికి విసుగొస్తోంది," అని టీవీలో సెలవిస్తుంటాడు. విసుగొచ్చినవాడు ఇంట్లో కూర్చోవచ్చుగా! వీడి విసుగు కోసం ఆటనంతా కోసి పారెయ్యాలా?

మధ్యాహ్నం ఎండ మాడిపోతోంది. మూడో ఇన్నింగ్స్‌లో వెర్నన్ ఒక చక్కటి స్ట్రైక్ కాజేశాడు. చప్పట్లు మొదలయ్యేలోపే అవతలి బ్యాటర్ నెత్తి తట్టుకున్నాడు. తెర మీద బంతి అంచుకి అవతల పడింది. అంపైర్ మాట మార్చుకున్నాడు. వెనక బెంచీల్లో ఎవడో, "దొంగ దొరికాడు!" అని అరిచాడు. జనం నవ్వారు. వెర్నన్‌కి ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లూ ఈ జనమే కదా ఆ చేతికి మురిసిపోయింది.

"వదిలెయ్," అన్నాడు అంపైర్, ప్లేట్ మీద మట్టి దులుపుతూ. "నన్నూ అందరి ముందు వెధవని చేస్తోంది అది."

ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్ మొదలయ్యేసరికి మూడు-రెండుతో కార్వర్ సిటీదే పైచెయ్యి. ఎలిసెయో బంతి అందుకున్నాడు. అవతలి జట్టులో ఇద్దరు అవుటయ్యారు, ఇద్దరు బేసుల మీదున్నారు. బ్యాటర్ మీద రెండు స్ట్రైకులు, ఒక బాల్. ఇంకొక్క స్ట్రైక్ పడితే మూడోవాడూ అవుటై ఆట అయిపోయినట్టే. కార్వర్ సిటీకి తెరని అడిగే అవకాశం ఒకటే మిగిలింది. మొదటిది మొదటి పిచ్చర్ తొందరపడి తగలేశాడు. ప్లేట్ వెనక ఆవిడ నోట్‌పుస్తకం మోకాలి మీద పెట్టుకుని చూస్తోంది. వెర్నన్‌కి వీపు మీద ఆ చూపు తెలుస్తూనే ఉంది.

బంతి ఆఖర్లో బయటికి వంగింది. వెర్నన్ పట్టాడు. జీవితంలో అంత బాగా ఎప్పుడూ పట్టలేదు. గ్లవ్ ఎక్కడ ఆగిందో అక్కడే పుట్టినట్టుంది. స్ట్రైక్, సందేహం లేదు.

"బాల్!" అన్నాడు అంపైర్.

వెర్నన్ చెయ్యి దానంతటదే లేచి నెత్తి తట్టేసింది.

తెర మీద బొమ్మ మెల్లగా కదిలింది. బంతి అంచుకి రెండు వేళ్లంత బయట. రెండు వేళ్లు! చూసిన ప్రతివాడికీ తెలిసే ఎడం. మైదానమంతా మూలిగింది. ఉన్న ఒక్క అవకాశమూ పోయింది.  ఎదుటివాడి కళ్లు కప్పడానికి నేర్చిన పని పన్నెండేళ్లు చేసీ చేసీ, చివరికి వెర్నన్ తన కళ్లే కప్పుకున్నాడు. బంతి బయట పడిందని చేతికి తెలుసు, లోపలికి తెచ్చింది అదే కదా! అయినా ఆ చెయ్యి చూపించిందే అతను నమ్మాడు.

తర్వాతి బంతి ఎలిసెయో ప్రాణం పెట్టి వేశాడు. మోకాళ్ల ఎత్తున, సరిగ్గా ప్లేట్ అంచు మీదుగా వచ్చింది. ఈసారి వెర్నన్ మణికట్టు ఇసుమంతైనా కదపలేదు. అవసరం లేదు, అసలైన స్ట్రైక్.

"బాల్!"

"ఏంటయ్యా అది? కళ్లున్నాయా?"

"అవకాశం ఉంటే తెరని అడుగు మరి," అన్నాడు అంపైర్, కొంచెం జాలిగానే.

అడగడానికేముంది? తెరకి నిజం తెలుసు. అడిగితేనే చెబుతుంది. అడిగే హక్కు అయిపోతే, ఎంత ఘోరం జరిగినా నోరు మూసుకుని కూర్చుంటుంది. ఇదేం న్యాయం? ఎలిసెయో బెదిరిపోయాడు. దగ్గరికి వెళ్లి రెండు మాటలు చెబుదామంటే ఆ వెళ్లడాలూ అయిపోయాయి. గడియారం పరిగెడుతోంది. ఇంకో బాల్ పడుతుందన్న భయంతో ఎలిసెయో నట్టనడుమకి వేశాడు. బ్యాటర్ దాన్ని కుడి గోడ అవతలికి పంపించాడు. బేసుల మీదున్న ఇద్దరూ, బ్యాటరూ చుట్టి వచ్చి ప్లేట్ తొక్కారు, మూడు పరుగులు. తమ వంతులో కార్వర్ సిటీ ఒక్క పరుగు కూడా తియ్యలేక ఐదు-మూడుతో ఓడిపోయింది.

వెర్నన్ ఛాతీ కవచమైనా విప్పకుండా కెల్లర్ గదిలోకి దూసుకెళ్లాడు.

"ఆ బంతి వల్లేగా? ఆవిడ చూసిందిగా? చెప్పు, అది చూసి నన్ను పంపొద్దనేసింది, అంతేగా?"

కెల్లర్ తల ఎత్తలేదు. "కూర్చోరా."

"కూర్చోను. ఆ దిక్కుమాలిన తెర, ఆ గడియారం..."

"వెర్నా, విను. బంతికీ దీనికీ సంబంధం లేదు. వేల్ పొద్దునే ఇంకో క్యాచర్‌ని కొనేశాడు. దండిగా కొడతాడట. పట్టడం రాకపోయినా ఫర్వాలేదట, పట్టే పనికి ఇప్పుడు విలువేముందన్నాడట. నువ్వు నెత్తి తట్టుకునే వేళకి వాడు విమానం దిగి గంటైంది."

"మరి ఆవిడ?"

"ఆవిడకీ తెలీదు. ఇప్పుడే ఫోనొచ్చింది. నాకూ ఇప్పుడే చెప్పారు."

 తప్పు చేసి పోగొట్టుకుని ఉంటే వెర్నన్ ఎలాగో మింగేవాడు. పన్నెండేళ్లకి వచ్చిన ఒక్క అవకాశాన్ని తన చేతులారా చెడగొట్టుకున్నానని బతికినంతకాలం తిట్టుకునేవాడు. అదీ లేకుండా చేశారు. అతను బాగా పట్టినా ఒకటే, చెత్తగా పట్టినా ఒకటే. ఎవడూ చూడలేదు. కెల్లర్ బల్ల మీదున్న గింజల కప్పుని చేత్తో ఊడ్చి గోడకేసి కొట్టాడు. పొట్టంతా చెల్లాచెదురైంది. కెల్లర్ వంగి పొట్టు ఏరడం మొదలెట్టాడు, అదీ ఒళ్లు మండించింది.

బట్టలు మార్చుకునే గదిలో ఎలిసెయో బెంచీ మీద ఒంటరిగా ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నా బంతే పక్కకి పోయింది, తాతా. నీ అవకాశం నేనే చెడగొట్టాను," అన్నాడు.

వెర్నన్ ఛాతీ కవచం విప్పి కింద పడేశాడు. అలాగే అనుకోనిస్తే ఎంత సుఖం.

"నువ్వు కాదు. అది బాల్ అని నా చేతికి తెలుసు, అయినా స్ట్రైక్ అనుకున్నాను. అడిగే అవకాశం నేను తగలెయ్యకపోతే, తర్వాతి బంతితోనే నువ్వు ఆట గెలిచేవాడివి."

ఎలిసెయో లేచాడు. మొహం జేవురించింది. "తెలిసీ తట్టావా? అంటే నా ఆట నువ్వు తినేశావన్నమాట! నేనంత మంచి బంతి వేస్తే! పన్నెండేళ్లు ఆడావ్, ఇంగితం లేదా నీకు? ముసలాడా! అందరూ చూస్తుండగా ఆ దెబ్బ తిన్నది నేను, నువ్వు కాదు!"

ఛాతీ మీద ఒక్క తోపు తోశాడు. వెర్నన్ వీపు అల్మారాకి కొట్టుకుంది. తిరిగి తొయ్యలేదు. అతను చేసిన పని వల్ల ఏదో అయిందని, ఒకడికి నష్టం జరిగిందని అడగడానికి ఆ రోజు మొత్తంలో వచ్చినవాడు ఇతనొక్కడే.

"ఇంకా తిట్టరా," అన్నాడు వెర్నన్. "ఆపకు."