రేపూ వెళ్తా

గ్వావ్ రేవులో ఆడవాళ్లు చేపలు కోస్తారు గాని వేటకు వెళ్లరు. ఐస్మే కూతురు డెల్సీ మాత్రం ఆ ఉదయం తల్లికి చెప్పకుండా మేనమామ పడవెక్కింది. మధ్యాహ్నానికి గాలి తిరిగింది. మిగతా పడవలన్నీ వచ్చేశాయి.

"మగరాయుడిలా పెంచావుగా, అనుభవించు," అంది పక్కనే చేపలు కోస్తున్న వెర్నా. అలల వైపే చూస్తూ కోస్తున్న ఐస్మే, వేలు తెగినా చూసుకోలేదు.

చీకటి పడుతుండగా పడవ కనిపించింది. తడిసి ముద్దయిన డెల్సీ దిగగానే ఐస్మే కూతురి చెంప ఛెళ్లుమనిపించి, ఆ వెంటనే గట్టిగా హత్తుకుంది.

"ఇంజను ఆగిపోతే మామా నేనూ తెడ్లేసుకుంటూ వచ్చామే అమ్మా. ఎంతైనా కొట్టు, రేపూ వెళ్తా."

ఐస్మే సముద్రం వంక భయంగా చూసింది.

"చెప్పకుండా వెళ్లావో, చంపేస్తా. చెప్పి వెళ్లు. వీళ్లందరికీ నేను జవాబు చెప్పుకుంటాలే."