ఆండాళ్ళుకి కళ్ళు తిరుగుతాయి

పులిహోరలో పోపు కలుపుతుంటే వెనకనుంచి భర్త మాట వినబడింది. "ఆ లైట్‌హౌసు నువ్వెలాగూ ఎక్కలేవుగానీ, కింద పార్కు బావుంటుందటోయ్. చెట్లూ అవీ ఉన్నాయిట. చక్కగా కూర్చోవచ్చు." వెంకటరమణ ఆ మాట ఎంతో ప్రేమగా అన్నాడు. ఏ మాటైనా ఆయన ప్రేమగానే అంటాడు, అదే వచ్చిన చిక్కు. కసురుకునే మొగుడికైతే తిరిగి సమాధానం చెప్పొచ్చు. ప్రేమగా చెప్పేవాడికి ఏం చెప్పాలో ఆండాళ్ళుకి పెళ్ళయినప్పటినుంచీ తెలియలేదు. ఇంకా దద్ధ్యోజనం కలపాలి, అత్తగారి మాత్రలు సర్దాలి, ఫ్లాస్కులో కాఫీ పొయ్యాలి. ఆమె తలూపి పెరుగు గిన్నె అందుకుంది.

ఆండాళ్ళుకి కళ్ళు తిరుగుతాయన్న సంగతి తాడేపల్లిగూడెంలో వాళ్ళుండే వీధి వీధంతటికీ తెలుసు. ఏలూరులో ఆడపడుచు గాయత్రి ఇంట్లో తెలుసు. ఆండాళ్ళు లెక్కలు చెప్పే హైస్కూలు స్టాఫ్‌రూములో కూడా తెలుసు. తిరుమల వెళ్తే ఘాట్ రోడ్డు మీద ఆమెను కిటికీ పక్కన కూర్చోనివ్వరు. ఎగ్జిబిషన్‌కి వెళ్తే అందరూ జెయింట్ వీల్ ఎక్కుతారు, ఈవిడ కింద చెప్పులూ, సెల్‌ఫోన్లూ, గాయత్రి హ్యాండ్‌బ్యాగూ పట్టుకుని నిలబడుతుంది. తోడుగా వెంకటరమణ నిలబడతాడు. "పాపం, పెళ్ళాం కోసం ఏ సరదా తీర్చుకోడు మహానుభావుడు" అని చూసినవాళ్ళంతా మెచ్చుకుంటారు. పేరు ఆయనకి, సంచులు ఈవిడకి.

మామూలు ఆదివారమైతే ఇదంతా తలుచుకునే పని లేదు. కానీ రేపు ఏలూరులో ప్రమోషన్ల కౌన్సెలింగు. ఆండాళ్ళుకి హెడ్‌మిస్ట్రెస్‌గా పదోన్నతి వచ్చింది, ఆమె వంతుకి మిగిలింది జంగారెడ్డిగూడెం. ఇదివరకొకసారి కూడా వచ్చింది. అప్పుడూ దూరమే, అప్పుడూ కళ్ళు తిరుగుతాయనే వద్దని రాసిచ్చేసింది. ఆమె వదిలేసిన పోస్టు ఆమెకంటే జూనియరైన నిత్యానందం అందుకున్నాడు. ఆ నిత్యానందమే రెండేళ్ళ కిందట బదిలీ మీద ఆమె స్కూలుకే హెడ్‌మాస్టరుగా వచ్చి కూర్చున్నాడు. "మేడమ్, రేపు ఇన్‌స్పెక్షను. వచ్చేవాళ్ళ టిఫిను సంగతి మీరు చూడండి, మీ చేతి ఉప్మాకి తిరుగులేదు" అంటాడు. ఆమె పదో తరగతి పిల్లల్ని వదిలేసి ఉప్మా సంగతి చూస్తుంది. ఈసారి కూడా వదులుకుంటే రిటైరయ్యేదాకా ఆ ఉప్మా తప్పదు.

ఇంట్లో వారం నుంచీ ఇదే గొడవ. గొడవంటే గొడవ కాదు, అన్నీ మెత్తని మాటలే. "నేను వద్దనడం లేదు ఆండాళ్ళూ, నీ ఇష్టం. కానీ కళ్ళు తిరిగే మనిషివి, రోజూ ఆ మెట్టదారిలో బస్సులో వెళ్ళిరాగలవా? దారిలో పడిపోతే చూసే దిక్కెవరు?" అంటాడు వెంకటరమణ. అత్తగారు వెంకటనరసమ్మగారు ఇంకాస్త సూటిగా, "హెడ్‌మాస్టరైతే ఏం పెరుగుతుందే, బీపీ తప్ప? వాడి క్యారియరు ఎవరు కడతారు?" అంటారు. ఆండాళ్ళు ఎవరికీ ఏమీ చెప్పలేదు. తన ఒంటిమీద తనకే నమ్మకం లేనప్పుడు ఏమని వాదిస్తుంది? నిజంగానే దారిలో పడిపోతే?

ముందురోజే గాయత్రి, ఆమె భర్త భాస్కరరావు ఏలూరునుంచి వచ్చి ఉన్నారు. అద్దె కారులో అందరూ సర్దుకుని, ఉండి ఊరు దాటి, ఆకివీడు దాటి, కైకలూరు వచ్చారు. రోడ్డుకి రెండుపక్కలా చేపల చెరువులు, వాటిలో తిరిగే ఏరేటర్లు విసిరే నీళ్ళ తుంపర. ఆటపాక పక్షుల కేంద్రం బోర్డు కనబడగానే కూతురు శ్రీవిద్య, "అమ్మా, నీకు కళ్ళు తిరిగింది ఇక్కడేగా మొదట?" అంది. ఇంటర్ చదువుతున్న పిల్ల, దేన్నీ ఊరికే వదలదు. "అవును, ఆ వాచ్‌టవర్ మీద" అంది ఆండాళ్ళు. "మరి రెండోసారి?" అని అడిగింది శ్రీవిద్య. ముందుసీట్లో వెంకటరమణ డ్రైవరుకి దారి చెబుతున్నాడు, డ్రైవరుకి ఆ దారి బాగా తెలిసినా సరే.

రెండోసారి ఎప్పుడు? కారు మండవల్లి దాటేదాకా వెతుక్కుంది ఆండాళ్ళు. ఎంత వెతికినా రెండోసారి దొరకలేదు. రెండోసారికి అవకాశమేది, ఎక్కనిస్తే కదా! మొదటిది మాత్రం నిన్నటిలా గుర్తుంది. పెళ్ళయిన కొత్త. కొల్లేట్లో గూడబాతులు చూద్దామని వెళ్ళారు. ఆవాళ ఏకాదశి, తను ఉపవాసం. టవర్ మీద గాలి, కింద నీళ్ళమీద తెల్లగా పక్షులు. అప్పుడాయన ఉన్నట్టుండి ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని, "నీకు కళ్ళు తిరుగుతున్నట్టున్నాయి, దిగిపోదాం పద" అన్నాడు. తను చెప్పకుండానే తన ఒంట్లో సంగతి కనిపెట్టిన మనిషి! పుట్టింట్లో నలుగురు పిల్లల మధ్య జ్వరం వచ్చినా ఎవరూ చూసుకోని పిల్లకి అది ఎంత గొప్ప! ఆయన అలా అనగానే నిజంగానే ఏదో తిరిగినట్టే అనిపించింది. ఆయన చెయ్యి చెమటతో తడిసిపోయి ఉంటే, తన కోసం ఎంత కంగారుపడ్డాడో అనుకుంది. పెళ్ళయ్యాక ఏ కష్టమొచ్చినా, ఏ మాట పడినా, ఆ తడి చెయ్యి గుర్తు చేసుకుని సరిపెట్టుకుంది. కాపురంలో తనకంటూ దాచుకున్నది అదొక్కటే.

భోజనాల వేళకి సముద్రం ఒడ్డున లైట్‌హౌసు దగ్గరికి చేరారు. అది దొరల కాలం నాటిది. ఇప్పుడు దాని చుట్టూ పచ్చిక పెంచి, సిమెంటు బెంచీలు వేసి, సరుగుడు చెట్ల కింద పిల్లలకి ఉయ్యాలలు కట్టి పార్కు చేశారు. టికెట్టు కొంటే పైదాకా ఎక్కనిస్తారు. సముద్రం గాలికి మొక్కజొన్న కంకులు కాల్చే బండి పొగంతా వచ్చి వీళ్ళ మీదే పడుతోంది. పులిహోర తిన్నారు, దద్ధ్యోజనం తిన్నారు. వడ్డించి, ఆకులు ఎత్తి, చేతులు కడుక్కోడానికి అందరికీ నీళ్ళు పోసి, ఆండాళ్ళు తినేసరికి మిగతావాళ్ళు లేచి ఎక్కడానికి సిద్ధమయ్యారు.

"మీరు వెళ్ళిరండి. ఆండాళ్ళుకి కళ్ళు తిరుగుతాయి కదా, నేనిక్కడ ఉంటాను" అన్నాడు వెంకటరమణ, బెంచీ మీద తువ్వాలు పరుచుకుంటూ.

"చూసి నేర్చుకోండి" అని గాయత్రి మొగుణ్ణి మోచేత్తో పొడిచింది.

"మా బావగారితో నాకు పోటీ ఏవిటి తల్లీ" అన్నాడు భాస్కరరావు.

ఎప్పుడూ జరిగే ముచ్చటే. ఇక్కడ ఆండాళ్ళు నవ్వి, అందరి ఫోన్లూ పుచ్చుకోవాలి. కానీ పొద్దున్న కూతురు అడిగిన ప్రశ్న ఇంకా ఆమెని వదల్లేదు. రేపు వద్దని రాసివ్వాలంటే, ఎందుకు వద్దో ఇవాళైనా తనకి తెలియాలి. పడిపోతే పడిపోయింది, కనీసం అనుమానం తీరుతుంది. "నేనూ వస్తాను" అంది.

"నీకేమైనా మతిపోయిందా?" అన్నాడు వెంకటరమణ. ప్రేమగా మాత్రం అనలేదు.

"నెమ్మదిగా ఎక్కుతానండీ. అత్తయ్యగారు ఎలాగూ మోకాళ్ళ నొప్పులతో ఇక్కడే ఉంటారు, సామాన్లు చూస్తారు."

"ఇంకేం బావగారూ, చెల్లెమ్మే వస్తానంటోంది. ఇన్నాళ్ళకి మీకూ విడుదల. పదండి పదండి" అంటూ భాస్కరరావు చెయ్యి పట్టి లేవదీశాడు.

లోపల ఇనుప మెట్లు గుండ్రంగా తిరుగుతూ పైకి పోతున్నాయి. మెట్ల సందుల్లోంచి కింద నేల కనబడుతుంది. శ్రీవిద్య, గాయత్రి, భాస్కరరావు చకచకా ఎక్కేసి వంపులో మాయమయ్యారు. ఆండాళ్ళు కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కింది. కళ్ళు ఎప్పుడు తిరుగుతాయా అని కాచుకుని కూర్చున్నట్టుగా ఉంది ఆమె పని. గోడకి ఒక చిన్న కిటికీ వచ్చింది. ఆగి, కావాలనే తొంగి చూసింది. కింద కంకుల బండి, బెంచీ మీద అత్తగారి ఊదారంగు చీర, అవతల సముద్రం. ఏదీ కదల్లేదు. ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆమెకి నవ్వొచ్చింది. ఆ నవ్వు చూపిద్దామని వెనక్కి తిరిగింది.

వెంకటరమణ నాలుగు మెట్లు కింద, గోడకి వీపు ఆనించి నిలబడి ఉన్నాడు. మొహం పాలిపోయింది. ఆమె గబగబా దిగి దగ్గరికి వెళ్ళగానే చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. అరచెయ్యి చెమటతో తడిసిపోయి ఉంది.

"నీకు కళ్ళు తిరుగుతున్నట్టున్నాయి, దిగిపోదాం పద" అన్నాడు.

అదే మాట. అదే చెయ్యి. ఆండాళ్ళుకి ఒక్కసారిగా అంతా అర్థమైంది. అర్థమైన మొదటి క్షణంలో కోపం రాలేదు, ఏడుపొచ్చింది. ఆ రోజు ఆయన కనిపెట్టింది తన ఒంట్లో సంగతి కాదు. ఆయన చూసింది తనవైపే కాదు. ఇన్నాళ్ళూ అపురూపంగా దాచుకున్న ఒక్కగానొక్క ముచ్చటా తనది కాదు. ఈయనకి ఎత్తంటే భయం. ఆ భయానికి ఒక మనిషి కావలసి వచ్చింది, అంతే, పక్కనే తనుంది. భయముంటే తప్పేవిటి? తనకి బల్లంటే భయం లేదూ? ఒక్కసారి, ఒక్క రాత్రి పక్కమీద చెవిలో చెప్పి ఉంటే కడుపులో పెట్టుకుని కాపాడేది కదా. అడిగి ఉంటే తానే నలుగురిలో "నాకే కళ్ళు తిరుగుతాయి" అని నవ్వుతూ చెప్పేది. అడగలేదు. తెచ్చి తన ఒంట్లో పెట్టేశాడు. తన ఒళ్ళు కూడా, ఎంత మంచి ఒళ్ళో, నమ్మేసి ఊరుకుంది.

"మీకు భయమాండీ?" అని మెల్లిగా అడిగింది.

ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని తలూపాడు. "వాళ్ళ ముందు అనకు ఆండాళ్ళూ."

ఆ తలూపడం చూసి ఆమె మనసు కరిగింది. ఎంతైనా మొగుడు. "అననులెండి. కిందకి చూడకండి, గోడవైపు తిరిగి నా భుజం పట్టుకోండి" అంది. తను ముందు, ఆయన వెనక, పైకి వచ్చేవాళ్ళకి దారిస్తూ, ఒక్కో మెట్టూ దింపింది. కిందకి చేరాక కుళాయి దగ్గర మొహం కడిగించి, తన కొంగుతో తుడిచింది. ఆయన బెంచీ మీద తల్లి పక్కన కూర్చుని కాఫీ తాగాడు. మొహంలో రంగు తిరిగొచ్చింది.

పైకెళ్ళినవాళ్ళు గాలికి చెదిరిన జుట్టుతో, ఒకటే కబుర్లతో దిగొచ్చారు. "ఏం వదినా, పైన మీ జాడే లేదు. మళ్ళీ తిరిగాయా?" అంది గాయత్రి.

ఆండాళ్ళు ఫ్లాస్కు మూత బిగించింది. ఇచ్చిన మాట ఇచ్చినట్టే, నవ్వేసి ఊరుకుందామనుకుంది. వెంకటరమణ కూడా నవ్వేసి ఊరుకుని ఉంటే ఈ కథే లేదు. కానీ ఆయన గ్లాసు కింద పెట్టి, గొంతు సవరించుకుని, "చెప్తే వింటేనా? సగంలోనే కళ్ళు తిరిగి పడబోయింది, నేనుండబట్టి సరిపోయింది. అందుకే అంటున్నా, రేపు ఆ జంగారెడ్డిగూడెం వద్దని రాసిచ్చెయ్యమని. ఇప్పటికైనా నమ్ముతుందిలే" అన్నాడు. ఆ గొంతులో మళ్ళీ ఆ ప్రేమంతా వచ్చేసింది.

ఆండాళ్ళు ఆయనవైపు చూసింది. ఆయన కళ్ళు తిప్పుకోలేదు. ఇచ్చిన మాట ఆండాళ్ళు తప్పదని ఆయనకి తెలుసు.

"నాకు తిరగలేదు గాయత్రీ" అంది ఆండాళ్ళు. గొంతు పెంచలేదు. "ఎత్తంటే మీ అన్నయ్యగారికి భయం. నాకు ఏనాడూ లేదు. ఇవాళే తెలిసింది."

వెంకటరమణ చెవులు ఎర్రబడ్డాయి. శ్రీవిద్య తండ్రినీ తల్లినీ మార్చి మార్చి చూసింది. చివరికి వెంకటనరసమ్మగారే దీపంలో ఒత్తి సరిచేస్తున్నంత తాపీగా చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ అన్నారు. "వాడికి చిన్నప్పట్నుంచీ అంతేనే. మేడెక్కితే కాళ్ళు వణికేవి. అయితే ఇప్పుడేం కొంప మునిగిందని? మగాడికి భయమంటే నలుగురిలో ఏం బావుంటుంది? నీకంటే ఏం పోయింది?"

అంటే ఈవిడకి తెలుసు. మొదటినుంచీ తెలుసు. కిటికీ పక్కన కూర్చోవద్దన్నదీ ఈవిడే.

"నాకేం పోయిందో మీకు తెలియదులెండి అత్తయ్యగారూ. నాకే ఇవాళ తెలిసింది" అని ఆండాళ్ళు లేచి, చీర చెంగు నడుముకి దోపుకుంది.

"మళ్ళీ ఎక్కడికి?" అన్నాడు వెంకటరమణ.

"పైకండీ. చివరిదాకా చూడలేదు కదా."

"నేనొస్తానమ్మా" అని శ్రీవిద్య లేవబోయింది. వద్దన్నట్టు ఆండాళ్ళు తల అడ్డంగా ఊపింది. అప్పటికే నాలుగడుగులు వేసేసింది. వెనకనుంచి ఆయన గొంతు, ఈసారి ప్రేమా కాదు, కోపమూ కాదు, ఉత్త బెంగ, వినబడింది.

"ఒక్కదానివే ఎలా వెళ్తావే?"

ఆండాళ్ళు ఆగి, వెనక్కి తిరిగి, ఎప్పటిలాగే మర్యాదగా చెప్పింది.

"జంగారెడ్డిగూడెం కూడా రోజూ ఒక్కదాన్నే కదండీ వెళ్ళాల్సింది."