ఆశాజ్యోతి పాట

పాటకి జోరు పెంచుదామన్నది పోతురాజే. ఆ సంగతి జాషువా ఎన్నడూ ఎత్తి చూపలేదు, బుల్లియ్యగారూ ఎత్తలేదు. ఎవరూ ఏమీ అనకపోబట్టే అది పోతురాజు గుండెలో అలాగే ఉండిపోయింది.

ముగ్గురిదీ ఒక బృందం. జాషువా పాట కట్టి పాడేవాడు. పోతురాజు డోలక్ వాయించేవాడు. పెద్దాయన బుల్లియ్యగారు హార్మోనియం పట్టేవారు. జాషువాది గోదావరి నడుమ లంకలో లూథరన్ చర్చి వెనక వీధి, అరటి తోటల్లో కూలిపని. పోతురాజుది గోదావరి మీద వలేసుకుని బతికే ఇల్లు. కులం వేరైనా, దేవుడు వేరైనా ఇద్దరూ 'బావా' అని పిలుచుకునేవారు. జాతరల్లో, క్రిస్మస్ పండగల్లో, సంఘాల మీటింగుల్లో ఎక్కడ పిలిచినా వెళ్ళి ఇరవై ఏడేళ్ళు కలిసి పాడారు.

జాషువాకి ఒక్కతే కూతురు, ఆశాజ్యోతి. తొమ్మిదేళ్ళ పిల్ల. బడి అవతలి ఒడ్డున ఉండేది. పదిహేనేళ్ళ కిందట, వరద నీళ్ళు ఎర్రగా దిగుతున్న శ్రావణమాసంలో, పిల్లల్ని దాటిస్తున్న నావ నడి ఏట్లో ఒరిగిపోయింది. పదకొండు మందిలో తొమ్మిది మందిని జాలర్లు ఒడ్డుకి లాగేశారు. ఇద్దరు దొరకలేదు. పోతురాజు వెతుకుతూ ఐదు రోజులు పడవ దిగలేదు. ఐదో రోజున దుబ్బుల్లో చిక్కుకుని ఉన్న ఎర్ర రిబ్బను ఒకటి తెచ్చి జాషువా చేతిలో పెట్టాడు. పిల్ల మాత్రం దొరకనే లేదు.

ఆ ఏడాది చివర్లో జాషువా పాట కట్టాడు. రాసుకోవడం అతనికి అలవాటు లేదు. ఏ పాటైనా నోట్లోనే పుట్టేది, నోట్లోనే ఉండేది.

ఆవలి ఒడ్డున ఉన్నావా అమ్మా
ఈవలి ఒడ్డున నేనున్నా
కేకేస్తే నీకు వినబడతాదా
ఏరు నిండుగా పోతున్నా

మొదటిసారి పాడినప్పుడు బుల్లియ్యగారు హార్మోనియం మూసేసి బయటికి వెళ్ళిపోయారు. పోతురాజు చాలా నెమ్మదిగా, ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య ఊపిరి పీల్చుకునేంత ఖాళీ వదిలి వాయించాడు. ఆ పాటని జాషువా ఇంట్లో పాడేవాడు కాదు. భార్య మెర్సీ వద్దని ఒట్టు వేయించుకుంది. తల్లి కదా, వినలేకపోతోంది కాబోలని అందరూ అనుకున్నారు.

ఏడెనిమిదేళ్ళు గడిచాయి. కాకినాడలో జానపద పోటీలు పెట్టారు. ముందు పాడిన వాళ్ళందరివీ ఈలలు వేయించే పాటలే. తెర వెనక నిలబడి చూస్తున్న పోతురాజుకి భయం పట్టుకుంది. ఇంత నెమ్మది పాటకి జనం కూర్చోరు బావా, కాస్త దరువు పెంచుదాం అన్నాడు. దరువు పెంచితే 'అమ్మా' అన్న మాట అతకలేదు. దాన్ని 'పిల్లా' అని మార్చుదామన్నదీ అతనే. పాటలో పలకా బలపం సంచీలో పెట్టుకుని పడవెక్కిన పిల్ల కాస్తా పౌడరు పూసుకుని పూలు పెట్టుకుని పడవెక్కింది. చివరి చరణం ఎలా తిప్పినా ఆ దరువులో ఇమడలేదు. దాన్ని వదిలేశారు. జాషువా కొంతసేపు నేల చూసి, "సరేలే బావా, నీ చెయ్యి ఎలా నడిస్తే అలాగే పాడతాను" అన్నాడు.

మొదటి బహుమతి వచ్చింది. ఎవరో ఫోనులో తీసిన వీడియో ఊళ్ళన్నీ తిరిగింది. పెళ్ళి ఊరేగింపుల్లో, వినాయకుడి నిమజ్జనాల్లో డీజే పెట్టెల మీద అదే పాట. ఇక ఎక్కడికి వెళ్ళినా దాన్నే అడిగేవారు, జాషువా దాన్నే పాడేవాడు. చివరి చరణం అతని నోట మళ్ళీ రాలేదు. రెండేళ్ళ కిందట గొంతులో పుండు పుట్టింది. డాక్టర్లు గొంతుకి రంధ్రం చేశారు, మాట పోయింది. పోతురాజు వారానికోసారి వెళ్ళి పక్కన కూర్చునేవాడు. ఆ చరణం ఒక కాగితం మీద రాసివ్వమని అడగాలని ప్రతిసారీ నోటిదాకా వచ్చేది. అడిగితే చావు దగ్గరికొచ్చిందని మొహం మీద చెప్పినట్టవుతుందని ఊరుకున్నాడు. అలా ఊరుకుంటుండగానే జాషువా పోయాడు.

సంవత్సరీకానికి రాజమండ్రిలో కళాకారుల సంఘం వాళ్ళు సభ పెట్టారు. కార్యదర్శి అనిల్ కుమార్ ఫోన్ చేసి, జాషువాగారి పాట మీరే పాడాలండి, ఆయనకి నివాళిగా ఉంటుంది అన్నాడు. పోతురాజు ఎన్నడూ ముందుండి పాడినవాడు కాదు. అయినా ఒప్పుకున్నాడు. బావ కట్టినట్టే, నెమ్మదిగా, చివరి చరణంతో సహా పాడాలని అప్పుడే అనుకున్నాడు. అలా పాడితే తను చేసిన తప్పు ఎంతో కొంత దిద్దుకున్నట్టవుతుందని అతని ఆశ.

మెర్సీ ఇప్పుడు రావులపాలెంలో చెల్లెలి ఇంటి పక్కన ఉంటోంది, ఒక బడిలో ఆయా. ఆమెను సభకి పిలవడానికి వెళ్ళినప్పుడు పోతురాజు ఆ మాటే చెప్పాడు. పాటంతా పాడతాను చెల్లెమ్మా, నీకు ఇబ్బందైతే మాత్రం మానేస్తాను అన్నాడు. మెర్సీ కొంగు చివర మడత పెట్టింది.

"పాడండి అన్నయ్యగారూ," అంది. "ఇన్నాళ్ళూ నేనే విననివ్వలేదు. ఒక్కసారి మొత్తం వింటాను."

ఆ మాట ఇచ్చి ఇంటికొచ్చాక డోలక్ ముందేసుకుని కూర్చున్నాడు. చివరి చరణం రెండు పాదాలు తడుముకోకుండానే వచ్చాయి.

రిబ్బను ఒకటే తేలొచ్చిందే
రెండోదెక్కడ మరిచావే

ఆ తర్వాత ఇంకో రెండు పాదాలుండాలి. రాగం వచ్చింది. ఎక్కడ గొంతు పైకి లేవాలో, ఎక్కడ కిందికి జారాలో అంతా తెలుస్తోంది, మాటలు మాత్రం లేవు. బుల్లియ్యగారి దగ్గరికి పరిగెత్తాడు. ఆయనకీ వరసే గుర్తుంది. భార్య వీరవేణి, పోనీ ఆ రెండు పాదాలు మానేసి పాడు, ఎవరికి తెలుస్తుంది అంది. పోతురాజు ఒప్పుకోలేదు. జనం ముందు కూర్చుని వాయిస్తుంటే మాట దానంతటదే వస్తుందని నమ్మాడు. ఇరవై ఏడేళ్ళు బావ గొంతు వెనకే నడిచిన చెయ్యి కదా, ఆ దెబ్బ పడగానే గుర్తొచ్చేస్తుంది అనుకున్నాడు. ఆ వారమంతా సాధన చేసినప్పుడల్లా రెండో పాదం దగ్గరే ఆపేసేవాడు. దాటి చూడడానికి ధైర్యం చాలలేదు.

ఆదివారం పొద్దున్నే పదిగంటలకి సభ. హాలు నిండిపోయింది, సగం మంది కాలేజీ పిల్లలే. స్టేజీ మీద జాషువా ఫొటోకి బంతిపూల దండ వేశారు. వెనక బ్యానరు మీద పెద్ద అక్షరాలతో 'ఆవలి ఒడ్డు పిల్లా' గాయకుడికి ఘన నివాళి అని రాశారు. మెర్సీని ముందు వరసలో కూర్చోబెట్టి శాలువా కప్పారు. అనిల్ కుమార్ మంచివాడే. పోతురాజు చెవిలో, కుర్రాళ్ళు ఎక్కువమంది వచ్చారండి, ఆ జోరుదే అందుకోండి అని బతిమాలినట్టు చెప్పాడు. పోతురాజు తల అడ్డంగా ఊపాడు.

మైకు ముందు కూర్చుని, జాషువా కట్టినప్పుడు ఈ పాట ఇలా ఉండేదండి అని మాత్రం చెప్పి మొదలుపెట్టాడు. గొంతు బొంగురుగా ఉన్నా శ్రుతి తప్పలేదు. 'అమ్మా' అన్న మాట దగ్గర జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. కొంతమంది ఫోన్లు దించేశారు. పలకా బలపం చరణం వచ్చేసరికి హాల్లో చప్పుడు లేదు. వెనక నుంచి ఎవరో "ఫాస్ట్‌ది కొట్టండి బాబాయ్" అని అరిస్తే పక్కవాళ్ళే కసిరి కూర్చోబెట్టారు. పోతురాజుకి ఒళ్ళు తేలికైంది. ఇన్నేళ్ళకి ఆ దెబ్బల మధ్య ఖాళీలు మళ్ళీ అతని చేతికొచ్చాయి. చివరి చరణం ఎత్తాడు. రిబ్బను ఒకటే తేలొచ్చిందే అన్నప్పుడు మెర్సీ తలెత్తి నేరుగా అతని వంకే చూసింది.

రెండో పాదం అయింది. చెయ్యి దెబ్బ వేసింది. నోరు తెరిచాడు.

ఏమీ రాలేదు.

పక్కన కూర్చున్న బుల్లియ్యగారు కంగారు పడకుండా ఆ వరసని హార్మోనియం మీద ఇంకోసారి తిప్పారు. మళ్ళీ రాలేదు. మూడోసారి ఇంకా నెమ్మదిగా తిప్పారు, దారి చూపిస్తున్నట్టు. పోతురాజు కళ్ళు మూసుకుని జాషువా నోటిని తలుచుకున్నాడు. పెదాలు కదులుతూ కనిపించాయి. ఆ పెదాల్లోంచి ఏ మాటా వినపడలేదు. తనకి గుర్తున్నవి తన చేత్తో తెచ్చిన రిబ్బను గురించిన పాదాలేనని, తనవి కానివి పోగొట్టుకున్నానని అప్పుడు తెలిసింది.

"గుర్తు రావడం లేదండి," అన్నాడు మైకులో.

 తర్వాత జనానికి అతని మీద జాలి కలిగింది. మధ్యలో ఒకమ్మాయి లేచి నిలబడి చప్పట్లు కొడుతూ పల్లవి అందుకుంది, తమకి తెలిసిన పల్లవి. ఆవలి ఒడ్డున ఉన్నావా పిల్లా. పక్కవాళ్ళు కలిశారు, వరసలకి వరసలు లేచాయి. తడబడ్డ పెద్దమనిషికి సాయం చేస్తున్నామనే వాళ్ళు అనుకున్నారు. అనిల్ కుమార్ కూడా ఊపిరి పీల్చుకుని, కానివ్వండి కానివ్వండి అని చేత్తో సైగ చేశాడు. పోతురాజు చేతులు ఆపుకుందామనుకున్నాడు. అవి ఆగలేదు. ఏళ్ళ తరబడి అలవాటు, జోరు దరువు దానంతటదే నడిచిపోయింది. దండ వేసిన ఫొటో ముందు కుర్రాళ్ళు చిందులేశారు. మెర్సీ ఒళ్ళో పెట్టిన పూలగుత్తిని రెండు చేతులా పట్టుకుని, పాట అయ్యేదాకా కదలకుండా కూర్చుంది.

సభ అయ్యాక రాజమండ్రి కోటిపల్లి బస్టాండులో పోతురాజు, మెర్సీ ఒకే బస్సెక్కారు. బస్సు ధవళేశ్వరం దాటింది. క్షమించమని అడగడానికి పోతురాజు మాటలు వెతుక్కుంటుండగా మెర్సీయే అడిగింది.

"ఆ చివర ఏముందండీ? మాటలు కాకపోయినా పోనీ, సంగతి ఏంటో చెప్పండి. నా గురించి ఏమైనా ఉందా?"

అతనికి ఆ ప్రశ్న అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. ఆ పొద్దున్న ఆశాజ్యోతి బడికి వెళ్ళనని మారాం చేసింది. ఏరు చూస్తే భయమేస్తోందని ఏడ్చింది. పరీక్ష ఉందని మెర్సీయే జడలు వేసి, రెక్క పట్టుకుని తీసుకెళ్ళి నావ ఎక్కించింది. పాట చివర్లో అది ఉంటుందని ఆమె భయం. అందుకే ఇంట్లో పాడొద్దంది. ఏడుపు తట్టుకోలేక కాదు. ఇప్పుడు మొగుడు కూడా పోయాడు, తిట్టి ఉంటే ఆ తిట్టైనా విని చచ్చిపోదామని ఇవాళ వచ్చింది.

"లేదు చెల్లెమ్మా, నీ మీద మాట లేదు అందులో," అన్నాడు పోతురాజు గబగబా.

మెర్సీ అతని వంక చూసింది. "గుర్తు రావడం లేదన్నారు కదండీ, అందరి ముందూ," అంది మెల్లగా. రావులపాలెం రాగానే దిగి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత నెల్లాళ్ళు పోతురాజు వల సరిగా వెయ్యలేదు. పడవలో కూర్చుని మాటలు కూర్చుకునేవాడు. పాట కట్టడం అతనికి చేతనైన పని కాదు. అయినా బావ వాడే మాటలన్నీ తలుచుకుని, విరిచి, అతికి, చివరికి రెండు పాదాలు సిద్ధం చేశాడు. బుల్లియ్యగారికి కూడా చెప్పకుండా రావులపాలెం వెళ్ళాడు. గుర్తొచ్చింది చెల్లెమ్మా అన్నాడు. మెర్సీ కుర్చీ వేసి, తను గుమ్మంలో కూర్చుంది. అతను డోలక్ లేకుండా, ఒట్టి గొంతుతో పాడాడు.

పంపిన అమ్మను అడగను నేనూ
పట్టిన ఏటిని అడగనులే

మెర్సీ మళ్ళీ ఒకసారి పాడమంది. పాడాడు. 

"బాగున్నాయి అన్నయ్యగారూ," అంది. తర్వాత, "ఇవి ఆయనవి కావండి," అంది.

పోతురాజు తల దించుకున్నాడు.

"ఆయన అడగను అనరు. అడిగారు. పిల్ల పోయిన ఐదో రోజున, మీరు రిబ్బను ఇచ్చి వెళ్ళాక. ఎందుకు పంపావు మెర్సీ అని ఒకే ఒక్కసారి అడిగారు. నేను జవాబు చెప్పలేదు. మళ్ళీ అడగలేదు, ఆ తర్వాత పాట కట్టుకున్నారు."

వీధిలో ఎవరో కూరగాయల బండి తోసుకుంటూ కేక వేసుకుంటూ పోయారు. మెర్సీ లేచి, టీ పెడతాను ఉండండి అని లోపలికి వెళ్ళింది. పోతురాజు కూర్చున్నాడు. లోపల గిన్నె పెట్టిన చప్పుడు, స్టవ్ వెలిగించిన చప్పుడు వినిపించాయి. ఆ తర్వాత చాలాసేపు ఏ చప్పుడూ రాలేదు. లేచి వెళ్ళి పలకరించాలో, అలాగే కూర్చోవాలో తెలియక చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని ఉండిపోయాడు.