పన్నెండు చార్జర్ల ప్లాను

"ఇంట్లో ఖాళీగానే ఉంటావుగా, ఈ కాగితాలు కాస్త చూడు" అని మా ఆయన ఫైలు అందించే వేళకి నేను బట్టలు ఆరేస్తున్నాను. తడి చేతులు తుడుచుకుని అందుకున్నాను.

ఆయన ఎలక్ట్రికల్ కన్సల్టెంటు. నేనూ అదే చదువు చదివాను, పెళ్లయ్యాక నాలుగేళ్లు ఉద్యోగమూ చేశాను. పాప పుట్టాక మానేశాను. మానేశానంటే, "ఇద్దరూ బయట తిరిగితే ఇల్లెవరు చూస్తారు?" అని అత్తయ్య అడిగారు, ఆ ప్రశ్నకి జవాబు కోసం అందరూ నా వంకే చూశారు. అది జరిగి పదకొండేళ్లు. అప్పట్నుంచీ ఆయన ప్లాన్లు గీసేది నేను, లెక్కలు వేసేది నేను. ఎవరైనా అడిగితే మాత్రం "మా ఆవిడ టైపింగ్‌లో సాయం చేస్తుంది" అంటారాయన.

ఈసారి ఒక షాపింగ్ కాంప్లెక్సు పని. కింద సెల్లారు పార్కింగులో ఎలక్ట్రిక్ కార్లకి పన్నెండు చార్జర్లు పెట్టాలి. అందుకు కరెంటు ఆఫీసు అనుమతి కావాలి, అగ్నిమాపక శాఖ అనుమతి కావాలి. చార్జర్లన్నీ లిఫ్టు పక్కనే ఉండాలని యజమాని ఉత్తరం రాసిచ్చాడు. మా ఆయన తెచ్చిన ఫొటోల్లో ఆ లిఫ్టు పక్క గోడ మీద పైనుంచి కిందిదాకా చెమ్మ మరక. దాని పైన డ్రైనేజీ పైపు. ఆ మరకని ఫోన్లో పెద్దది చేసి చూస్తుంటే పొయ్యి మీద కూర మాడింది. "ఒక్క పని మీదా ధ్యాస నిలవదు" అన్నారు అత్తయ్య. నిజానికి ఆ పూట నా ధ్యాసంతా ఒక్క పని మీదే ఉంది. చార్జర్లని ఎదుటి గోడకి మార్చి గీశాను.

"ఒకసారి వెళ్లి చూసొస్తానండీ" అన్నాను.

"కొలతలన్నీ ఉన్నాయిగా. నువ్వొచ్చి ఏం చూస్తావ్?"

ప్లాను విప్పి చూడకుండానే దాఖలు చేసేశారు. నాకేమో గిన్నెలు తోముతున్నా అదే గుబులు. ఇన్నేళ్లలో ఏమైనా మర్చిపోయానా? నా లెక్క తప్పి ఎక్కడైనా నిప్పంటుకుంటే?

రెండు నెలలకి ఒక మధ్యాహ్నం అగ్నిమాపక ఆఫీసు నుంచి ఆయన ఫోను. గొంతు తగ్గించి, "చార్జర్లు ఆ గోడకెందుకు మార్చావ్? యజమాని ఉత్తరంలో లిఫ్టు పక్కన అని ఉందే అని ఫైర్ ఆఫీసర్ మేడమ్ అడుగుతున్నారు" అన్నారు. ఆ వెంటనే ఒక ఆడగొంతు "స్పీకర్లో పెట్టండి" అంది. నీళ్లు కారే పైపు కింద కరెంటు పెట్టడం నాకు మనస్కరించలేదని చెప్పాను.

"మీరెవరమ్మా?"

నేను నోరు తెరిచేలోగా ఆయనే అందుకున్నారు. "మా ఇంటావిడేనండీ. టైపింగ్ అదీ చూస్తుంటుంది."

"అయితే రేపు పొద్దున సైటుకి ఆ టైపింగ్ ఆవిణ్ణే తీసుకురండి" అందావిడ.

కాగితం మీద అన్నాళ్లు తిరిగిన సెల్లార్లోకి మర్నాడు మొదటిసారి దిగాను. ఆఫీసరు టార్చి లైటు పట్టుకుని ముందు నడుస్తూ అడిగింది. "అన్నిటినీ ఒకేసారి ఆపే స్విచ్చి చార్జర్ల దగ్గర కాకుండా మెట్ల దగ్గర చూపించారే?"

"మంట దగ్గరికెళ్లి ఎవరు కట్టేస్తారు మేడమ్? బయటికి పరిగెత్తేవాళ్లకి దారిలో అందాలి కదా."

"పన్నెండూ ఒకేసారి నడిస్తే బిల్డింగు తట్టుకుంటుందా?"

"తట్టుకోదు. అందుకే కార్లు పెరిగేకొద్దీ ఒక్కోదానికి వెళ్లే కరెంటు తగ్గేటట్టు పెట్టాను."

ఆవిడ వెళ్లి లిఫ్టు పక్క గోడకి అరచెయ్యి ఆనించింది. తడిసిన ఆ చేతిని మా ఆయన ముందు చాపి చూపించింది. తర్వాత రుమాలుతో తుడుచుకుని, నా ప్లాను మీద ఉన్నదున్నట్టు సంతకం పెట్టింది.

గుండెల మీంచి బండ దిగింది. నేనేమీ మర్చిపోలేదు. పదకొండేళ్లు అంట్లూ బట్టలూ మీద పడ్డా నా చదువు ఎక్కడికీ పోలేదు.

"ప్లాను మీద మీ ఎలక్ట్రికల్ లైసెన్సు నంబరు ఎక్కడా లేదేం?" అంది ఆఫీసరు.

"గడువైపోయిందండీ. మళ్లీ చేయించుకోలేదు."

"ఎందుకని?"

అంత చిన్న ప్రశ్న నన్నెవరూ అడగలేదు. నన్ను నేనూ అడగలేదు.

తిరిగొచ్చేటప్పుడు కార్లో ఆయన మహా హుషారుగా ఉన్నారు. "మొత్తానికి గట్టెక్కేశాం. ఇంకో రెండు కాంప్లెక్సులవాళ్లు కూడా అడుగుతున్నారు, రేపే మొదలెట్టేద్దువుగాని. అమ్మ భోజనానికి చూస్తుంటుంది, తొందరగా పోదాం."

"నన్ను ఆ సిగ్నల్ దగ్గర దింపేయండి. లైసెన్సు ఆఫీసు అక్కడే."

"ఇప్పుడా? మరి వంట?"

"మీరు ఇంటికే కదండీ వెళ్తోంది" అన్నాను. కోపంగా అనలేదు. దారి అడిగినవాళ్లకి దారి చెప్పినంత మామూలుగా అన్నాను.