మూడు ఫ్రేముల పేరు

టోక్యో శివారులోని ఆ బొమ్మల సినిమా స్టూడియోలో చిజుకో పదేళ్ళుగా నడిమి బొమ్మలు గీస్తోంది. పెద్ద చిత్రకారుడు చెయ్యి ఎత్తిన బొమ్మ ఒకటి, దించిన బొమ్మ ఒకటి ఇస్తాడు. ఆ రెంటి నడుమ దారి అంతా గీసేది చిజుకో లాంటి ఆడవాళ్ళే. వేళ్ళ సందున కాగితాలు ఇరికించి రెపరెపలాడిస్తే చెయ్యి కదులుతుంది. నిజానికి ఏదీ కదలదు. కన్ను నమ్ముతుంది, అంతే. సెకనుకు ఇరవై నాలుగు ఫ్రేములు, ఒక్కో బొమ్మను తీసేది మూడేసి ఫ్రేములు.

పక్క బల్ల నోబుకో ఫిబ్రవరిలో పోయింది. దగ్గులో నెత్తురు పడుతున్నా సెలవివ్వలేదు. సినిమా చివర, రేవులో తల్లి చెయ్యి ఊపే నూట పన్నెండు బొమ్మలూ ఆమె గీసినవే.

చిజుకో నిర్వాహకుడు కురెమత్సు ఎదుట నిలబడింది.

"సినిమా చివర వేసే పేర్లలో నోబుకో పేరు వెయ్యండి."

"నడిమి బొమ్మల వాళ్ళకి పేర్లేంటమ్మా? రేపు టీ కాచే ఆవిడ కూడా అడుగుతుంది."

"టీ కాచే ఆవిడ చచ్చిపోలేదు కదండీ. పోనీ, ఆ కాగితాలు తీసేసి ఆడించుకోండి. మీ సినిమాలో తల్లి చెయ్యి ఊపదు, కప్పలా గెంతుతుంది."

గదిలో ఎవరో కిసుక్కుమన్నారు. కురెమత్సు మొహం ముడుచుకున్నాడు.

"సరే, రాసి పంపు. మిగతా బొమ్మలతో పాటే తీయిస్తా."

చిజుకో రెండు రోజులు కూర్చుని ఆ పేరును కుంచెతో రాసింది. దానితో పాటు కెమెరా దగ్గరికి వెళ్ళే చీటీలో, ఎన్ని ఫ్రేములు తీయాలన్న గడిని మాత్రం ఖాళీగా వదిలింది. అది నింపడం పైవాళ్ళ పని, పదేళ్ళ అలవాటు. కురెమత్సు నింపాడు.

మొదటి ఆటకు నోబుకో తల్లి నీగాతా నుంచి రైల్లో వచ్చింది. చిజుకో పక్కన కూర్చుని, కూతురి ఫోటోను ఒళ్ళో పెట్టుకుని, దాని ముఖం తెరవైపు తిప్పింది. రేవులో చెయ్యి ఊగింది. హాలంతా ముక్కులు చీదింది. తరువాత పేర్లు నింపాదిగా నడిచాయి, చిట్టచివర ఏదో తెల్లగా తళుక్కుమంది. దీపాలు వెలిగాయి.

"మా పిల్ల పేరు ఇంకా రాలేదేమమ్మా?"

చిజుకో లెక్క కట్టింది. మూడు ఫ్రేములు. ఒక్క నడిమి బొమ్మకిచ్చినంతే, సెకనులో ఎనిమిదో వంతు.

"వచ్చింది పిన్నీ."

"అయ్యో, రెప్ప వేశానేమో."

"మీ తప్పు కాదు. పేరు వేశారు, చదవనివ్వలేదు."

ముందు వరుసలో కురెమత్సు లేచి చప్పట్లకు వంగి నమస్కరిస్తున్నాడు. ముసలామె ఫోటోను ఇంకా తెరవైపే పట్టుకుని ఉంది.